అద్దె ఇంటిలో మూగజీవి

అద్దె ఇంటి కోసం గుమ్మంలో నిలిచిన వానిని మన సమాజం మూడు ప్రశ్నలు అడుగుతూ వచ్చింది: మతమేమి, కులమేమి, వంట ఏమి? ఇప్పుడు నాలుగవది చేరింది: కుక్కగాని పిల్లిగాని ఉన్నదా?

పామర్రు పెంకుటిళ్ళలో ఈ ప్రశ్నకు తావుండేది కాదు. గాదెలోని ధాన్యాన్ని ఎలుకల బారి నుండి పిల్లి కాచేది. వాకిట కుక్క కాపుండేది. ఉద్యోగానికో, పిల్లల చదువులకో విజయవాడ చేరిన కుటుంబానికి అపార్టుమెంటే గతి. అక్కడ చోటు దొరకక, పెంచిన చేతులే మూగజీవిని వీధిపాలు చేస్తున్నాయి.

యజమాని భయాన్ని మేము తేలిక చేయము. రేబిస్ లక్షణాలు పొడసూపిన పిదప ప్రాణం దక్కుట దాదాపు అసాధ్యం. కాని దానికి టీకా ఉన్నది. టీకా పత్రాన్ని, పరిశుభ్రతను, నష్టపరిహారాన్ని అద్దె ఒప్పందంలోనే వ్రాసుకొనవచ్చు.

జీవకారుణ్యం పౌరుని ప్రాథమిక విధి అని 1976లో రాజ్యాంగంలో చేరిన 51-ఏ అధికరణం చెబుతున్నది. మెజారిటీ తీర్మానంతోనైనా నివాస సంఘాలు పెంపుడు కుక్కలను నిషేధించరాదని భారత జంతు సంక్షేమ మండలి 2015లో మార్గదర్శకాలిచ్చింది. అయినా యజమాని మనసును మార్చగలిగేది కాగితం కాదు, నమ్మకం.

కుక్కను విడిచి రమ్మంటే స్వర్గమే వద్దన్నాడు ధర్మరాజు. పిల్లిపిల్లపై ప్రేమ వల్లనే అబూ హురైరాకు ఆ పేరు వచ్చింది.

విద్యార్థులారా! రేపు మీలో కొందరు అద్దెకుండేవారు, కొందరు ఇండ్లు కట్టేవారు. పేరు విని తలుపు మూయకండి. నడవడి చూచి తెరవండి. మనిషికైనా, మూగజీవికైనా న్యాయం అదే.