కొరియా వాడి కంచంలో మన నువ్వు గింజ

అమ్మేవాడికి కొనేవాడి నాలుక తెలియాలంటారు పెద్దలు. నెల్లూరు తీరంలో రైతుకి ఆ మాట 2025లో బాగా తెలిసొచ్చింది. ఆ ఏడాది ఆగస్టు 27 నుంచి అమెరికా మన సరుకు మీద సుంకాన్ని 50 శాతానికి చేర్చింది. ఇందుకూరుపేట, ముత్తుకూరు, తోటపల్లి గూడూరు, విడవలూరు మండలాల్లో ఎకరం, రెండెకరాల గుంట పెట్టుకున్న చిన్న రైతు గుండె గుభేలుమంది. ఎక్కడో సంతకం పడితే ఇక్కడ గట్టు మీద కౌంటు రేటు తగ్గింది. రొయ్యకి రోగం లేదు, నీళ్లకి దోషం లేదు. కొనేవాడు ఒక్కడే కావడమే దోషం.

ఇట్లాంటి దెబ్బ మనకి కొత్త కాదు. 1994లో తెల్లమచ్చ వచ్చి టైగర్ రొయ్యని ఊడ్చేసింది. 1996లో సుప్రీంకోర్టు తీర్పు గుంటల్ని గడగడలాడించింది. 2009లో వెనామీకి అనుమతి వచ్చాక మళ్లీ తేరుకున్నాం. తేరుకున్న ప్రతిసారీ మళ్లీ ఒకే సరుకు, ఒకే దేశం అని పరిగెత్తాం. అందుకే ఇంకో గిరాకీ ఎక్కడుందో చూసుకోవాల్సిన రోజొచ్చింది.

వాళ్లకి ఏం పెట్టగలం?

కొరియా వాళ్లు మనకి కొత్తవాళ్లు కాదు. 1996లో హ్యుందాయ్ మద్రాసు పక్కకి వచ్చింది. 2019 నుంచి పెనుకొండ దగ్గర కియా కార్లు తయారవుతున్నాయి. 2025 మే నెలలో శ్రీసిటీలో ఎల్‌జీ ఫ్యాక్టరీకి శంకుస్థాపన జరిగింది. రెండు దేశాల మధ్య వాణిజ్య ఒప్పందం 2010 జనవరి 1 నుంచే అమల్లో ఉంది. వాళ్లు మనకి కార్లు, టీవీలు, ఫ్రిజ్‌లు అమ్ముతున్నారు. తిరిగి వాళ్ల కంచంలోకి మనం ఏం పెట్టగలం? ఈ ప్రశ్న ఫ్యాక్టరీ వాళ్లు అడగరు. రైతే అడగాలి.

ముందు కుదరనివి చెప్పుకుందాం, ఆశ పెట్టుకుని మోసపోకుండా. మన నెల్లూరు సన్నబియ్యం వాళ్లకి పనికిరాదు. వాళ్లు తినేది పొట్టి గింజ, జిగురన్నం, పుల్లలతో ఎత్తితే ముద్దగా రావాలి. పైగా వాళ్ల వరి రైతుని కాపాడుకోడానికి కోటా దాటిన బియ్యం మీద 513 శాతం సుంకం పెట్టుకున్నారు. మిరప సంగతీ అంతే. కిమ్చీ అనే వాళ్ల ఊరగాయకి కారం కావాలి గానీ, మన గుంటూరు ఘాటు కాదు. ఎర్రటి రంగుండాలి, గింజ తీసెయ్యాలి, నాలుక మండకూడదు. ఎండుమిరప మీద కూడా కోటా బయట సుంకం 270 శాతం. వెనామీ రొయ్య తింటారు, కాకపోతే వియత్నాం వాళ్లు అక్కడ ముందే పాతుకుపోయి ఉన్నారు. రొయ్య అమ్మకూడదని కాదు, అమెరికా పోయిన చోట కొరియా వచ్చి మొత్తం మోస్తుందనుకుంటే పొరపాటు.

మరి కుదిరేవేమిటి? నా లెక్కలో రెండున్నాయి. ఒకటి నువ్వులు, రెండోది నెత్తళ్లు.

నువ్వు గింజకి గిరాకీ

మనం ఆవకాయలో నువ్వులనూనె పోసుకున్నట్టు, కొరియా వాళ్లు కూరలో, అన్నంలో, మాంసంలో అన్నింట్లో చివర్న ఒక చెంచా నువ్వులనూనె వేస్తారు. తేడా ఒక్కటే. మనం పచ్చి గింజని గానుగ ఆడిస్తాం, వాళ్లు దోరగా వేయించి పిండుతారు. వేయించిన గింజలు పైన చల్లుకుంటారు కూడా. వాళ్ల దేశంలో పండేది వాళ్లకి చాలదు. అందుకని అక్కడి ప్రభుత్వ సంస్థ టెండర్లు పిలిచి బయట దేశాల నుంచి కొంటుంది. ఆ టెండర్లలో మన దేశపు నువ్వులు ఎప్పట్నుంచో పోతున్నాయి. కోటాలో వస్తే సుంకం 40 శాతం, కోటా దాటితే 630 శాతం. అంటే విడిగా ఎవరికి వాళ్లు పంపుకునే వ్యాపారం కాదిది, టెండరు దారిలోనే పోవాలి. ఆ దారిలో గుజరాత్ వ్యాపారులది పైచేయి. మన ప్రాంతపు నువ్వులు దళారి చేతిలో పడి ఎక్కడికి పోతున్నాయో పండించినవాడికే తెలీదు.

మన దగ్గర నువ్వు వేసే వీలు ఉంది. పెన్నా డెల్టా కాలవల చివర రెండో పంటకి నీళ్లందని కయ్యలున్నాయి. వరి కోత కాగానే మిగిలిన పదునులో, ఒకటి రెండు తడులతో వచ్చే పంట నువ్వు. ఎకరాకి రెండు, రెండున్నర కిలోల విత్తనం చాలు. మూడింతల ఇసుక కలిపి చల్లుకోవచ్చు. ఎనభై, తొంభై రోజుల్లో చేతికొస్తుంది. బాగా వస్తే ఎకరాకి మూడు, నాలుగు క్వింటాళ్లు. 2025-26కి కేంద్రం ప్రకటించిన మద్దతు ధర క్వింటాలుకి 9,846 రూపాయలు. వరి మాని నువ్వు వెయ్యమని ఎవరైనా అంటే వినొద్దు. ఖాళీగా ఉండే కయ్యలో నువ్వు వెయ్యడం వేరు, తిండిగింజ మాని వెయ్యడం వేరు.

అసలు అడ్డు నాలుక కాదు, మందు

కొరియా తలుపు దగ్గర మనల్ని ఆపేది రుచి కాదు. పురుగుమందు. నూనెగింజలకి 2016 చివర్నుంచి, మిగతా అన్ని పంటలకి 2019 జనవరి 1 నుంచి అక్కడ ఒక కట్టుదిట్టమైన పద్ధతి నడుస్తోంది. ఆ పంటకి ఫలానా మందు ఇంతవరకు ఉండొచ్చని వాళ్ల జాబితాలో రాసి ఉంటే సరే. రాసి లేకపోతే కిలోకి 0.01 మిల్లీగ్రాము దాటకూడదు. దీన్ని మన భాషలో చెప్పుకుంటే, పది టన్నుల లారీలు పది నిలబెట్టి మొత్తం సరుకులో ఒక గ్రాము మందు. అంతకు మించితే సరుకు వెనక్కే.

ఇందులో ఒక్క రైతు తప్పు పదిమందిని ముంచుతుంది. పక్క కయ్యలో వరికి కొట్టిన మందు గాలికి మన నువ్వు మీద పడినా అంతే. ఎరువుల కొట్టువాడు పేరు చెప్పకుండా రెండు డబ్బాలు కలిపిచ్చినా అంతే. 2020లో ఐరోపా వాళ్లు మన నువ్వుల్లో ఇథిలీన్ ఆక్సైడ్ పట్టుకుని గగ్గోలు చేశారు. ఆ వాయువు రైతు కొట్టింది కాదు, గింజలో క్రిములు చావాలని గోదాముల్లో వాడింది. కానీ చెడ్డపేరు పంటకి వచ్చింది. గింజలో క్రిములు ఎందుకొస్తాయి? పశువులు తిరిగే కళ్లంలో మట్టి మీద ఆరబోస్తే వస్తాయి. పట్టా పరిచి ఆరబెట్టుకుంటే సగం జబ్బు అక్కడే పోతుంది.

నెత్తళ్లు, రొయ్యపొట్టు

ఇక తీరం వెంబడి పట్టపు ఊళ్ల సంగతి. ఎండు నెత్తళ్లు లేని వంటిల్లు కొరియాలో దాదాపు ఉండదు. పులుసుకి నీళ్లు కాచేది వాటితోనే, వేపుడు చేసుకునేది వాటినే. చిన్న రొయ్యల్ని ఉప్పులో ఊరబెట్టి కిమ్చీలో కలుపుతారు. నెత్తళ్లు, రొయ్యపొట్టు, ఇసకపల్లి ఉప్పు అన్నీ మన దగ్గరే ఉన్నాయి. లేనిది శుభ్రం. వాళ్లు చేపని పట్టిన వెంటనే ఉప్పునీళ్లలో ఒక పొంగు ఉడికించి ఆరబెడతారు. మనం పచ్చిదాన్ని ఇసకలో పోస్తాం. పంటికింద ఇసక తగిలితే కొరియా వాడేంటి, నెల్లూరు వాడే ఉమ్మేస్తాడు. గట్టెత్తు మీద వల పరిచి ఆరబెట్టే బల్లలు, ఉడికించడానికి ఒక గాబు, ఇవి పెద్ద పెట్టుబడులు కావు. ఆడవాళ్ల సంఘాలు చెయ్యగల పనే.

ముందు దగ్గరి బేరం

ఓడెక్కించే ముందు ఇంటి పక్క బేరం చూసుకోవాలి. మద్రాసులో హ్యుందాయ్ వచ్చిన నాటి నుంచి కొరియా కుటుంబాలున్నాయి, వాళ్ల హోటళ్లున్నాయి, సరుకుల కొట్లున్నాయి. మన నుంచి నాలుగు గంటల దారి. ముల్లంగి, ఉల్లికాడలు, వెల్లుల్లి, పీతలు, ఎండు నెత్తళ్లు, తెల్ల నువ్వులు వాళ్లకి రోజూ కావాలి. అక్కడ ఒక బుట్ట సరుకు తిరస్కరిస్తే పోయేది ఒక బుట్ట. ఓడలో కంటైనర్ తిరిగొస్తే పోయేది ఊరంతా. కాబట్టి నేర్చుకోవడం మద్రాసులో జరగాలి, పరీక్ష సియోల్‌లో రాయాలి.

సాధ్యమేనా అంటే, 2021 మే నెల చూడండి. కృష్ణా, చిత్తూరు జిల్లాల బంగినపల్లి, సువర్ణరేఖ మామిళ్లు రెండున్నర టన్నులు కొరియాకి వెళ్లాయి. తిరుపతిలో ఆవిరిపెట్టి శుద్ధి చేశారు. పంపింది ఎవరో కాదు, మన నెల్లూరులో ఉన్న ఇఫ్కో కిసాన్ సెజ్. రెండున్నర టన్నులు పెద్ద లెక్క కాదు. కానీ దారి ఉందని తేలింది. ఆ దారిలో నువ్వులు ఎందుకు పోకూడదు?

అడగాల్సింది ఇదీ

ప్రభుత్వాన్ని మనం సబ్సిడీ అడగడం అలవాటు. ఈసారి మూడు వేరే కోర్కెలు అడుగుదాం. ఒకటి, రైతు సేవా కేంద్రంలో నమూనా ఇస్తే మందు అవశేషాల పరీక్ష చిన్న రైతు భరించగలిగే రుసుముతో జిల్లాలోనే జరగాలి. రెండు, కొరియా జాబితాలో నువ్వుకి ఏ మందులు ఉన్నాయో, ఏవి లేవో తెలుగులో రాసి ప్రతి ఎరువుల కొట్టు ముందు అంటించాలి. మూడు, ఎగుమతిదారు ఎవరైనా సరే, విత్తనం వేసే ముందే రైతు సంఘంతో ధర కాగితం మీద రాసుకోవాలి. కోత అయ్యాక చెప్పే ధర ధర కాదు, దయ.

మన వంతు కూడా ఉంది. ఒక ఊళ్లో పక్కపక్క కయ్యల వాళ్లు పదిమంది కలిసి ఒకే విత్తనం, ఒకే మందుల చీటీ పెట్టుకోవాలి. ఎవరు ఎప్పుడు ఏం కొట్టారో నోటుబుక్కులో రాసుకోవాలి. విడివిడిగా ఉంటే మనం దళారికి లోకువ. కలిస్తే వాడే మన గడపకి వస్తాడు. కొరియా వాడి నాలుకకి నచ్చడం కష్టం కాదు. వాడి నమ్మకానికి నచ్చాలి. అది మందు డబ్బా మూత దగ్గర మొదలవుతుంది.