ఎదురెక్కే చేప

అమెరికాలో స్థిరపడిన బాల్యమిత్రుడొకడు గత వేసవిలో కుటుంబంతో అలాస్కా వెళ్ళి, సాల్మన్, హాలిబట్ చేపల వేటలో నాలుగు రోజులు గడిపి వచ్చాడు. ఛాయాచిత్రాలు పంపాడు. ఆ పైన ఫోనులో గంటసేపు అక్కడి నియమాలను ఏకరువు పెట్టాడు. లైసెన్సు కొనాలట. రోజుకు ఇన్ని చేపలే పట్టాలట. వాళ్ళెక్కిన అద్దె పడవలో ఒక కొలతకు మించిన హాలిబట్ గాలానికి పడినా తిరిగి నీటిలో వదలాల్సి వచ్చిందట. “మన నూజివీడులో ఈ మాట చెబితే నవ్వుతారురా” అన్నాడు. వాడూ నేనూ ఒకే ఏటి గట్టున గాలం వేసినవాళ్ళమే. నాకు మాత్రం నవ్వు రాలేదు.

సాల్మన్ కథ చాలామందికి తెలిసినదే. ఏటిలో పుట్టి, సముద్రంలో పెరిగి, గుడ్లు పెట్టే వేళకు తాను పుట్టిన ఏటినే వెతుక్కుంటూ ఎదురెక్కుతుంది. పసిఫిక్ సాల్మన్లు గుడ్లు పెట్టాక మరణిస్తాయి. అలాస్కా ప్రభుత్వం చేసే పని ఏమిటంటే, ఆ ఎదురెక్కే చేపలను లెక్కపెట్టడం. కొన్ని నదుల ఒడ్డున మంచెలు కట్టి మనుషులే లెక్కిస్తారు, కొన్నింట ధ్వని తరంగాల యంత్రాలు లెక్కిస్తాయి. సంతానానికి సరిపడా చేపలు పైకి వెళ్ళాయా లేదా అన్నదాన్ని బట్టి వేటకు అనుమతి. యూకాన్ నదిలో చినూక్ జాతి బాగా తరిగిపోగా, 2024లో అలాస్కా, కెనడా అధికారులు దాని వేటను ఏడేళ్ళపాటు ఆపడానికి ఒప్పుకున్నారు. తరతరాలుగా ఆ చేప మీదే బతికిన ఆదివాసులకు అది ఎంత కష్టమో ఊహించవచ్చు. హాలిబట్ సంగతి ఇంకా పాతది. 1923లోనే అమెరికా, కెనడాలు ఒడంబడిక చేసుకుని శీతకాలంలో మూడు నెలలు దాని వేట ఆపాయి. అది హాలిబట్ గుడ్లు పెట్టే కాలం.

మనకు మాత్రం నియమాలు లేవా? సముద్రంలో ఉన్నాయి. తూర్పు తీరాన ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 వరకు, 61 రోజులు, మరపడవల వేట నిషిద్ధం. ఆ కాలానికి మత్స్యకార కుటుంబాలకు రాష్ట్ర ప్రభుత్వం ఇచ్చే భృతి 2025లో ఇరవై వేల రూపాయలకు పెరిగింది. మా మామిడి తోటల్లో కోతలు సాగే రోజులూ సరిగ్గా అవే. చిన్న రసాలు అయిపోయే వేళకు సముద్రం మీద నిషేధం తీరుతుంది, ఇక్కడ మృగశిర కార్తె వస్తుంది. మృగశిర నాడు చేప తినాలన్నది తెలుగునాట ఆచారం. (హైదరాబాదులో ఉబ్బసానికి మందు పెట్టి మింగించే కొర్రమీను పిల్లల సంగతి సరేసరి.)

చిక్కంతా అక్కడే ఉంది. తొలకరి నీటికే మన ఏటి చేపలు గుడ్లతో ఎదురెక్కుతాయి. బలివే శివరాత్రి తిరునాళ్ళకు వెళ్ళినవారు చూసే తమ్మిలేరు చాలావరకు ఇసుక. మొదటి వరదకు ఆ ఇసుక మీద ఎర్రనీరు దిగుతుంది. తమ్మిలేరు, రామిలేరు, బుడమేరు అన్నీ కొల్లేటికే చేరతాయి. వాగుల్లోకి, చెరువుల అలుగుల కిందికి, పొలాల బోదెల్లోకి వాలుగ, మార్పు, మట్టగిడస ఎక్కి వస్తాయి. ఆ పదిరోజులూ వాగుకు అడ్డంగా ఈ గట్టు నుంచి ఆ గట్టు దాకా మావులు, వలలు. పట్టినది గుడ్ల చేప అయితే మరింత సంబరం, పులుసులో గుడ్ల కోసం పిల్లల పోట్లాట. పూత మీద మంచుపురుగు వాలితే నిద్రపోని మామిడి రైతు, ఆ పూతలాంటి చేపను బుట్టలో వేసుకుని నవ్వుకుంటూ ఇంటికి పోతాడు.

కొర్రమీను విషయం చెప్పాలంటే నాకు సిగ్గుగా ఉంది. ఆ చేప గుడ్లు పెట్టి వదిలిపోదు. పిల్లలు ఎర్రని గుంపుగా నీటి పైన తిరుగుతుంటే కింద కాపలా కాస్తుంది. ఎర్రగుంపు కనిపిస్తే కింద పెద్దచేప ఉన్నట్టే. మేము ఆ గుంపు మధ్యకే గాలం విసిరేవాళ్ళం. పిల్లలను బెదిరించేది ఏదో వచ్చిందని తల్లో తండ్రో దాని మీద పడేది. దాన్ని మేము వేటలో నేర్పు అనుకున్నాం. కాపలా పోయిన గుంపు ఎంతసేపు బతుకుతుందో అప్పుడు ఆలోచించలేదు. 2016లో తెలంగాణ తన రాష్ట్ర చేపగా కొర్రమీనును ఎంచుకుంది.

ఇదంతా కొత్తగా కనిపెట్టిన బాధేమీ కాదు. మద్రాసు సైన్యంలో వైద్యుడిగా వచ్చి చేపల శాస్త్రవేత్త అయిన ఫ్రాన్సిస్ డే, ఈ దేశపు మంచినీటి చేపల మీద 1873లో వెలువడిన నివేదికలో గుడ్ల చేపల, పిల్లచేపల వినాశం గురించి మొత్తుకున్నాడు. 1897 నాటి మత్స్యచట్టం నీటిలో మందుగుండు పేల్చడాన్ని, విషం కలపడాన్ని నిషేధించి, వేటకు నియమాలు చేసే అధికారం ప్రభుత్వాలకు ఇచ్చింది. కాగితం ఉంది. మావు మాత్రం వాగుకు అడ్డంగానే ఉంది.

“కొల్లేరే పోయింది, నువ్వు వాగులో మావుల గురించి ఏడుస్తావేం?” అని అడిగేవారుంటారు. న్యాయమైన ప్రశ్నే. 1999లో అభయారణ్యమైన సరస్సులో చేపల చెరువులు నిండిపోతే 2006లో గండ్లు కొట్టవలసి వచ్చింది. ఆనకట్టలు, పురుగుమందులు, మురుగు చేసిన చేటు ముందు నా గాలం ఎంత? నిజమే. కానీ వాటిలో ఏదీ నా చేతిలో లేదు, తొలకరి పదిహేను రోజులు ఉన్నాయి. పైగా ఆ రోజుల్లో మా వాగుల్లో దిగేవారిలో దానిమీదే పొట్టపోసుకునేవారు కొద్దిమంది. మిగిలినవారంతా నాలాంటి సరదారాయుళ్ళు. ఆ కొద్దిమందికి సముద్రపు భృతి లాంటిదే ఇవ్వవచ్చు. సరదారాయుళ్ళకు పంచాయతీ ఒక్క మాట చెబితే చాలు: మొదటి వరదకు వాగులో సగం వెడల్పు వదలండి, ఎర్రగుంపు మీద గాలం వేయకండి.

మిత్రుడు వచ్చే జూన్‌లో వస్తానంటున్నాడు. రసాలు అయిపోతాయి, మే నెలలోనే రమ్మన్నాను. మామిడికాయ వేసి చేపల పులుసు పెడతాను, చెరువులో పెంచిన బొచ్చెతో. ఏటి చేప కావాలంటే మాత్రం దసరాకు మళ్ళీ రావాలన్నాను. ఫోనులో కాసేపు మాట్లాడలేదు. తర్వాత, కొలత ఎంతరా అని అడిగాడు.