వజ్రం దొరకనివాళ్ల లెక్క

తొలకరి పడితే చాలు, కర్నూలు జిల్లా జొన్నగిరి, తుగ్గలి, మద్దికెర చేలకు జనం వజ్రాల వేటకు సద్దిమూటలతో తరలివస్తారు. ఎవరికో రాయి దొరుకుతుంది, లక్షలు పలికిందని పేపర్లో పడుతుంది. పొద్దంతా నడుం వంచి, ఉత్త చేతులతో బస్సెక్కినవాళ్లు వార్త కారు. మన లెక్కలో దొరికినవాడొక్కడే మిగులుతాడు.

కడప పల్లెల్లో బోరు సంగతీ ఇంతే. నీటి జాడ చూసేవాడి అరచేతిలో కొబ్బరికాయ లేచి నిలబడ్డచోట బోరు వేసి నీళ్లు పడితే, చూపినవాడి పేరు పది ఊళ్లకు పాకుతుంది. పడకపోతే అది రైతు తలరాత. అప్పు మాత్రం తలరాత తీర్చదు.

దొరకనివాళ్లనూ లెక్కపెట్టమనే శాస్త్రీయ దృక్పథాన్ని పౌరుల ప్రాథమిక విధిగా 1976లోనే రాజ్యాంగంలో చేర్చుకున్నాం. బడిలో అది బట్టీపట్టే జవాబుగానే మిగిలింది. తొమ్మిదో తరగతి పిల్లలను నోటుబుక్కుతో ఊళ్లోకి పంపండి. ఎన్ని బోర్లు వేశారు, చోటు ఎవరు చూపారు, ఎన్ని అడుగులు, నీళ్లు పడ్డాయా? పడనివీ రాయాలి, అసలు అవే ముందు రాయాలి. కాయ చూపినచోటికీ చూపనిచోటికీ తేడా ఉందో లేదో వాళ్లే తేలుస్తారు. పెద్దలు నొచ్చుకుంటారేమో, నొచ్చుకోనీ. రెండు జిల్లాల విద్యాధికారులు జూన్‌లో బడులు తెరిచేనాటికే దీన్ని సైన్సు ప్రాజెక్టుగా పెట్టాలి.