బద్ధకానికి కోచ్ ఎందుకని అడిగేవారికి

"నలభై ఏళ్లొచ్చాక ఏడీహెచ్‌డీ ఏమిటండీ? మా కాలంలో దీన్ని ఒళ్లు బద్ధకం అనేవాళ్లం. దానికి డాక్టరు, ఆపైన ఒక కోచ్, ఆ కోచ్‌కి ఫీజు! డబ్బులిచ్చి మరీ తిట్టించుకోవాలా?"

విశాఖలో దువ్వాడ, కూర్మన్నపాలెం, ఉక్కునగరం వైపు ఈ మాట టీ కొట్ల దగ్గరా వినిపిస్తుంది, బాగా చదువుకున్నవారి ఇళ్లలోనూ వినిపిస్తుంది. అనేవాళ్లు చెడ్డవాళ్లు కారు, కానీ మాట తప్పు. దాన్ని నమ్మి ఎందరో తమను తాము పనికిమాలినవాళ్లుగా లెక్కగట్టుకుని బతుకుతున్నారు. అందుకే దీన్ని ఊరికే వదిలేయకూడదు.

ముందు "మా కాలంలో లేదు" అన్న వాదన చూద్దాం. ఏడీహెచ్‌డీ అంటే శ్రద్ధ, కుదురు నిలవని, తొందరపాటు అదుపు కాని మెదడు స్థితి. లండన్‌లో జార్జ్ స్టిల్ అనే పిల్లల డాక్టరు తెలివి బాగానే ఉన్నా నిలకడ, అదుపు లేని పిల్లల గురించి వైద్యుల ముందు వరుస ఉపన్యాసాలిచ్చింది 1902లో. ఆ పిల్లల చేతుల్లో సెల్‌ఫోన్లు లేవు, రీల్స్ లేవు. పెద్దయితే అదే పోతుందని వైద్యులూ చాలాకాలం అనుకున్నారు. ఇలాంటి పిల్లలను ఎదుగుతున్నకొద్దీ గమనిస్తూ వస్తే తేలింది వేరు. గెంతులు, పరుగులు తగ్గుతాయి. పని మొదలుపెట్టలేకపోవడం, టైము అంచనా తప్పడం, మొదలుపెట్టింది మధ్యలో వదిలేయడం చాలామందిలో మిగిలిపోతాయి. 2013లో వచ్చిన డీఎస్ఎం-5 అనే మానసిక రుగ్మతల నిర్ధారణ గ్రంథంలో 17 ఏళ్లు నిండినవారికి లక్షణాల లెక్కే వేరుగా పెట్టారు. చిన్నప్పుడు ఆరు కావాల్సిన చోట వీరికి ఐదు చాలు, అయితే కొన్ని లక్షణాలు 12 ఏళ్లలోపే కనిపించి ఉండాలి. అధ్యయనాల అంచనాల ప్రకారం పెద్దల్లో నూటికి ఇద్దరు ముగ్గురికి ఇది ఉంటుంది. కవలల మీద జరిగిన పరిశోధనలు దీనికి వంశపారంపర్యమే పెద్ద కారణమని చెబుతున్నాయి. "వాళ్ల నాన్నా ఇంతే" అని ఇంట్లోవాళ్లు విసుక్కునే మాటలో చాలాసార్లు నిజం ఉంటుంది.

ఇక బద్ధకం సంగతి. బద్ధకస్తుడికి పని చేయాలని ఉండదు, చేయనందుకు నిద్రా చెడదు. ఏడీహెచ్‌డీ ఉన్న మనిషికి చేయాలనే ఉంటుంది. కాగితాలు ముందేసుకుని కూర్చుంటాడు, మొదలుపెట్టలేడు, ఆ రాత్రంతా తనను తాను తిట్టుకుంటాడు. అర్ధరాత్రి స్టీల్ ప్లాంట్‌లో మెషిన్ ఆగిపోతే అందరికంటే ముందు పరుగెత్తి సరిచేసే మనిషే కరెంటు బిల్లు గడువు దాటేస్తాడు, ఇన్సూరెన్స్ ప్రీమియం మరచిపోతాడు. "అక్కడ చేతనైనవాడికి ఇక్కడ ఎందుకు చేతకాదు?" అని ఇంట్లోవాళ్లు నిలదీస్తారు. వాళ్ల దృష్టిలో బద్ధకానికి ఇదే రుజువు. నిజానికి ఇదే లక్షణం. ఆ మెదడును కదిలించేవి ఆసక్తి, తక్షణ ఒత్తిడి. రేపటి అవసరం దాన్ని కదిలించలేదు. రస్సెల్ బార్క్‌లీ అనే అమెరికన్ మనస్తత్వవేత్త దశాబ్దాలుగా చెబుతున్నది ఇదే. వీరికి ఏం చేయాలో తెలుసు, తెలిసినదాన్ని చేయాల్సిన వేళకు చేయడం దగ్గరే చిక్కు. తెలిసినవాడికి నీతులు మళ్లీ చెప్పి ఏం లాభం?

కోచ్ పని మొదలయ్యేది సరిగ్గా అక్కడే. అతను తిట్టడు, పాఠమూ చెప్పడు. వారానికోసారి, నేరుగానో ఫోన్లోనో కూర్చుని ఒక్క పనిని పట్టుకుంటాడు. దాన్ని ఏ రోజు, ఏ చోట, ఎన్ని ముక్కలుగా చేయాలి, ఏది అడ్డొస్తుంది అని ఇద్దరూ కలిసి చూస్తారు. వచ్చే వారం అది జరగలేదంటే తప్పు మనిషిలో వెతకరు, ఏర్పాటును మారుస్తారు. ప్లాంట్‌లోనో, దువ్వాడ ఎస్ఈజెడ్‌లోనో షిఫ్టుల్లో పనిచేసే మనిషిని ఊహించుకోండి. "రోజూ పొద్దున్నే లేచి ప్లాన్ రాసుకో" అనే పుస్తకం సలహా మొదటి నైట్ షిఫ్టుకే కూలిపోతుంది. మంచి కోచ్ షిఫ్టు షిఫ్టుకూ వేరే పట్టిక వేయిస్తాడు. బిల్లులన్నీ ఆటోపేలో పెట్టిస్తాడు. బండి తాళం, గేట్‌పాస్ తలుపు పక్కన ఒకే కొక్కేనికి వేలాడేలా చేయిస్తాడు. ఆరు నెలలుగా నలుగుతున్న అప్లికేషన్‌ను వీడియో కాల్‌లో తోడుగా కూర్చుని ఆ గంటలోనే నింపిస్తాడు.

"ఇంత చిన్న పనులకు ఇంకొకరి సాయమా?" అని నవ్వేవాళ్లు ఒక్కసారి స్టీల్ ప్లాంట్ వైపు చూడాలి. గోదావరి, కృష్ణ, అన్నపూర్ణ బ్లాస్ట్ ఫర్నేస్‌ల దగ్గర ముప్పై ఏళ్ల అనుభవమున్నవాడైనా షిఫ్టు దిగేటప్పుడు లాగ్‌బుక్ రాయాల్సిందే, మరమ్మతుకు దిగేముందు పర్మిట్ తీసుకోవాల్సిందే. జ్ఞాపకాన్ని నమ్ముకుని ఎవరూ ఫర్నేస్ నడపరు. దాన్ని క్రమశిక్షణ అంటాం. అదే ఏర్పాటు ఒక మనిషి తన బతుక్కి చేసుకుంటే మాత్రం చేతకానితనం ఎలా అవుతుంది?

ఆధారాలు అడగడం న్యాయమే. 2010లో అమెరికన్ మెడికల్ అసోసియేషన్ పత్రికలో వచ్చిన అధ్యయనంలో, మందులు వాడుతున్నా ఇబ్బంది పోని 86 మంది పెద్దల్లో కొందరికి ప్రణాళిక, వాయిదాల అదుపు నేర్పే థెరపీ, మిగతావారికి రిలాక్సేషన్ శిక్షణ ఇచ్చారు. మొదటివారికి ఎక్కువ మేలు జరిగింది. కోచింగ్ మీదే జరిగిన పనిలో, 148 మంది కాలేజీ విద్యార్థులు ఎనిమిది వారాల్లో చదువు పద్ధతుల్లోనూ ఆత్మగౌరవంలోనూ మెరుగయ్యారు. అయితే కోచింగ్ మీది అధ్యయనాలు థెరపీ మీదివాటంత గట్టివి కావు. ఆ తేడా దాచి కోచింగ్‌ను పొగిడితే ఎవరికీ మేలు లేదు.

దాచేవాళ్లూ ఉన్నారు. "మందులక్కర్లేదు, మా ప్రోగ్రాం చాలు" అని అమ్మేవాళ్లు బద్ధకమని కొట్టిపారేసేవాళ్లకంటే తక్కువ ప్రమాదకారులేం కాదు. క్లినికల్ సైకాలజిస్టుకు రిహాబిలిటేషన్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి, సైకియాట్రిస్టుకు మెడికల్ కౌన్సిల్ రిజిస్ట్రేషన్ ఉండాలి. కోచ్ అని బోర్డు పెట్టుకోవడానికి మన దేశంలో ఏ లైసెన్సూ అక్కర్లేదు. రోగం నిర్ధారించే అర్హత కోచ్‌కు లేదు. పైగా థైరాయిడ్, డిప్రెషన్, మద్యం, గురకతో చెడే నిద్ర కూడా ఇవే లక్షణాలు చూపిస్తాయి. షిఫ్టులు మారే దువ్వాడలాంటి చోట ముందు అడగాల్సిన ప్రశ్న నిద్ర గురించే. ఆ తర్వాత చిన్ననాటి సంగతులు అమ్మనో, అన్ననో అడగాలి. మిథైల్‌ఫెనిడేట్, అటమాక్సెటిన్ లాంటి మందులు డాక్టరు చీటీతో, డాక్టరు చూపులో వాడాల్సినవి. చాలామందికి బాగా పనిచేస్తాయి కూడా. మాత్ర మానేయమని చెప్పే కోచ్ దగ్గర ఇంకో నిమిషం కూర్చోవద్దు.

ఫీజు పెట్టుకోలేనివారి మాట నిజమే. తిట్టకుండా పక్కన కూర్చునే తోడు కొంతవరకు స్నేహితుడూ ఇవ్వగలడు, తోటి ఉద్యోగీ ఇవ్వగలడు. కానీ వైద్యుడి పరీక్ష ముందు జరగాలి. దానికి విశాఖలోనే చినవాల్తేరులో ప్రభుత్వ మానసిక వైద్యశాల ఉంది. అక్కడికి వెళ్లడానికి జంకేవారు ముందుగా ప్రభుత్వ మానసిక ఆరోగ్య ఫోన్ సేవ టెలీ మానస్ నంబరు 14416కు ఫోన్ చేయండి. తెలుగులో మాట్లాడతారు, డబ్బు తీసుకోరు. 24 గంటలూ పనిచేస్తుంది కాబట్టి నైట్ షిఫ్టు దిగి వచ్చాకైనా చేయవచ్చు.