లైసెన్సు ఎవరికి? తుపాకీ ఎందుకు?

2019 మార్చి 15న న్యూజిలాండ్‌లోని క్రైస్ట్‌చర్చ్ నగరంలో జుమా నమాజుకు చేరిన వారిపై ఒక దుండగుడు రెండు మసీదుల్లో కాల్పులు జరిపి 51 మంది ప్రాణాలు తీసిన సంగతి పాఠకులకు తెలిసిందే. మృతుల్లో హైదరాబాద్ వారూ ఉన్నారు. 2025 డిసెంబర్ 14న సిడ్నీలోని బాండై బీచ్ వద్ద యూదుల హనుక్కా పండుగ వేడుకపై జరిగిన కాల్పుల్లో 15 మంది మరణించారు. ఆ పని తండ్రీకొడుకులదని పోలీసులు చెప్పారు. పోలీసుల చేతిలో హతమైన తండ్రి స్వస్థలం హైదరాబాదేనని తెలంగాణ పోలీసులు వెల్లడించారు. మొదటి ఘాతుకాన్ని ఖండించిన నోటితోనే రెండోదాన్నీ ఖండించాలి. బాండైలో ప్రాణాలకు తెగించి ఒక హంతకుడి చేతిలోని తుపాకీ లాక్కున్న వాడు సిరియాలో పుట్టిన ముస్లిమే. అయితే ఆ మాట చూపించి రెండో ఘోరం గురించి మాట్లాడకుండా తప్పుకోవడం సబబు కాదు.

రెండు చోట్లా హంతకుల ద్వేషాలు వేరు. కలిసింది ఒక్కచోటే. తుపాకీ లైసెన్సును రెండు చోట్లా ప్రభుత్వమే ఇచ్చింది. న్యూజిలాండ్ హంతకుడు ఆస్ట్రేలియా నుంచి వచ్చి 2017లో అక్కడ లైసెన్సు సంపాదించాడు. అతని గురించి హామీ ఇచ్చిన వారిని పోలీసులు సరిగా విచారించలేదని రాయల్ కమిషన్ 2020లో తేల్చింది. బాండైలో తండ్రి పేరిట ఆరు తుపాకులు చట్టబద్ధంగానే ఉన్నాయి. కొడుకు 2019లోనే నిఘా సంస్థ దృష్టిలో పడ్డాడని ప్రధాని ఆల్బనీజ్ స్వయంగా చెప్పారు. ఇల్లు ఒకటే, విచారణ ఒకరి మీద, లైసెన్సు మరొకరికి! 1996 మార్చి 13న స్కాట్లండ్‌లోని డన్‌బ్లేన్ బడిలో 16 మంది పసిపిల్లలను, వారి టీచరును కాల్చి చంపిన వాడి తుపాకులకూ లైసెన్సు ఉంది.

మనిషి మంచివాడా కాదా అని ఏ గుమాస్తా తేల్చగలడు? అందుకే డన్‌బ్లేన్ తర్వాత బ్రిటన్ ప్రశ్న మార్చింది. ఎవరికివ్వాలన్న మీమాంస పక్కనపెట్టి, 1997లో చేతి తుపాకులను దాదాపు పూర్తిగా నిషేధించింది.

ఆస్ట్రేలియా కథ ఇంకా ఆసక్తికరం. 1996 ఏప్రిల్ 28న టాస్మేనియాలోని పోర్ట్ ఆర్థర్‌లో 35 మంది హతమయ్యారు. అప్పటికి జాన్ హోవర్డ్ ప్రధాని అయి రెండు నెలలు కూడా కాలేదు. ఆయనది సంప్రదాయవాద పార్టీ. రైతుల ఓట్లతో నిలిచే పార్టీ ఆయనకు మిత్రపక్షం. అయినా 12 రోజుల్లో రాష్ట్రాలన్నిటినీ ఒప్పందానికి తెచ్చారు. కోపంతో ఉన్న తుపాకీదారుల సభకు ఆయన కోటు లోపల బుల్లెట్ ప్రూఫ్ కవచం తొడుక్కుని వెళ్లారు. వైద్య బీమా పన్నును ఒక ఏడాది పాటు కాస్త పెంచి, ఆ డబ్బుతో సుమారు ఆరున్నర లక్షల తుపాకులు కొని ధ్వంసం చేయించారు. అన్నిటికన్నా ముఖ్యం, ఆత్మరక్షణ కోసం అంటే లైసెన్సు ఇవ్వరు. వేట, సేద్యం, క్రీడ వంటి కారణమేదో చూపాలి.

అమెరికాలో ఇది తలకిందులు. అక్కడ ఆత్మరక్షణకు తుపాకీ ఉంచుకోవడం రాజ్యాంగ హక్కని సుప్రీంకోర్టు 2008లో తీర్పిచ్చింది. కారణం పౌరుడు చెప్పనక్కరలేదు, వద్దనే ప్రభుత్వమే చెప్పుకోవాలి. కనెక్టికట్‌లోని ఒక బడిలో 2012 డిసెంబర్‌లో 20 మంది పిల్లలు బలైనా, కొనేవారి పూర్వాపరాల తనిఖీని విస్తరించే ప్రతిపాదన 2013 ఏప్రిల్‌లో సెనేట్‌లో వీగిపోయింది. 54 ఓట్లు వచ్చాయి, కావలసినవి 60. 2021లో ఆ దేశంలో తుపాకీ వల్ల మరణించిన వారు 48,830 మంది. అందులో సగానికి పైగా ఆత్మహత్యలే. పత్రికల్లో పెద్ద అక్షరాలకెక్కే సామూహిక కాల్పుల లెక్క వీటిముందు చాలా చిన్నది. జపాన్‌లో తుపాకీ మృతులు చాలా ఏళ్లలో పది మంది కూడా ఉండరు. 2022లో మాజీ ప్రధాని అబేను చంపిన వాడు తుపాకీ దొరక్క సొంతంగా తయారు చేసుకోవలసి వచ్చింది.

స్విట్జర్లాండ్‌లో ఇంటింటా తుపాకులున్నాయి కదా అని వాదించేవారు ఎప్పుడూ ఉంటారు. అక్కడ 2003లో సైన్యాన్ని సగానికి తగ్గించి, ఇళ్లలో సైనిక తుపాకులు తగ్గాక, ఆ వయసు మగవారిలో ఆత్మహత్యలు తగ్గాయి. ఇళ్లకు తూటాలు ఇవ్వడం కూడా 2007 తర్వాత ఆపేశారు. వాదించేవారు ఈ సంగతులు ఎత్తరు.

ఇక చట్టం ఒకసారి చేస్తే చాలుననుకోవడం భ్రమ. హోవర్డ్ చట్టం మంచిదే గానీ, ఒకరి దగ్గర ఎన్ని తుపాకులుండవచ్చో హద్దు పెట్టలేదు. బాండై తర్వాతే న్యూ సౌత్ వేల్స్ రాష్ట్రం సామాన్యులకు నాలుగని హద్దు గీసింది. తుపాకుల కొనుగోలు మళ్లీ చేపడతామని కేంద్రం ప్రకటించింది. న్యూజిలాండ్ పార్లమెంటు 2019 ఏప్రిల్ 10న, అంటే నెల తిరగకుండానే, సెమీ ఆటోమేటిక్ తుపాకులను 119 ఓట్లతో నిషేధించింది. వ్యతిరేకంగా పడింది ఒక్క ఓటు. ఆ ఓటు వేసిన డేవిడ్ సేమోర్ 2025 మే నెలాఖరున ఉప ప్రధాని అయ్యారు. ఆయుధ చట్టాన్ని తిరగరాసే బాధ్యత ఆయన పార్టీ మంత్రి చేతికే వచ్చింది.