రెజ్యూమెలో ‘షెల్ స్క్రిప్టింగ్’ రాసే ముందు డౌన్‌లోడ్స్ తెరవండి

ఫ్రెషర్ల రెజ్యూమెల్లో స్కిల్స్ దగ్గర ‘లినక్స్, షెల్ స్క్రిప్టింగ్’ అని తరచూ కనిపిస్తుంది. ఏం రాశారని అడిగితే చాలామంది చెప్పేవి ల్యాబ్ రికార్డులోని ఫ్యాక్టోరియల్, ప్రైమ్ నంబర్ ప్రోగ్రాములే. వాటిని ఏ భాషలోనైనా రాయొచ్చు. షెల్‌కి అసలు బలం ఫైళ్ల దగ్గరుంది: వందల ఫైళ్లను ఒక్కసారిగా కదపడం, పేర్లు మార్చడం. ఆ పని మీ ల్యాప్‌టాప్‌లోనే బోలెడంత ఉంది.

డౌన్‌లోడ్స్ ఫోల్డర్ తెరిచి చూడండి. ‘రెజ్యూమె ఫైనల్’, ‘రెజ్యూమె ఫైనల్ (2)’, హాల్ టికెట్లు, సెమిస్టర్ మెమోల స్కాన్లు, వాట్సాప్ వెబ్ నుంచి దించుకున్న నోట్స్ ఫొటోలు... అన్నీ ఒకే కుప్ప. అప్లికేషన్‌కి ఆఖరి రోజు రాత్రి అందులో సరైన రెజ్యూమె వెతకడం ఎలా ఉంటుందో మీకే తెలుసు.

ఫొటోలతో మొదలుపెట్టమంటాను. వాటి పేరులోనే 2024-03-15 అన్నట్టు తేదీ ఉంటుంది. అందులోంచి 2024-03 వరకు తీసుకుని, ఆ పేరుతో ఫోల్డర్ చేసి, ఫొటోను అందులోకి పంపాలి. ఒక ఫర్ లూప్, ఒక ‘ఎంకేడిర్’, ఒక ‘ఎంవీ’. పది లైన్లు చాలు.

అసలు నేర్చుకునేది అవి మొరాయించినప్పుడే. ఆ ఫొటోల పేర్లలో ఖాళీలుంటాయి. వేరియబుల్‌కి డబుల్ కోట్స్ పెట్టకపోతే బ్యాష్ ఒక్క పేరును నాలుగైదు ముక్కలుగా చదువుతుంది. తర్వాత మెమోల దగ్గరికొస్తే, మీ స్క్రిప్టు రెండు మెమోలకు ఒకే కొత్త పేరు ఇచ్చిందనుకోండి. ‘ఎంవీ’ మామూలుగా మిమ్మల్ని అడగదు, మొదటిదాని మీద రెండోదాన్ని రాసేస్తుంది. రీసైకిల్ బిన్‌లో వెతికినా దొరకదు. మెమో అయితే మళ్లీ స్కాన్ చేసుకుంటారు. ఉద్యోగంలో కస్టమర్ల ఇన్వాయిస్‌లు అలా పోతే?

అందుకే ‘ఎంవీ’కి ‘మైనస్ ఎన్’ జతచేయాలి, అప్పుడు ఉన్న ఫైలును ముట్టుకోదు. దానికంటే ముందు, ‘ఎంవీ’కి ముందు ‘ఎకో’ పెట్టి ఒకసారి నడపండి. ఏది ఎక్కడికి వెళ్తుందో తెర మీద కనిపిస్తుంది, ఫైలు మాత్రం కదలదు. వరస నంబర్లు ఇస్తుంటే 001, 002 అని సున్నాలు పెట్టండి. లేదంటే ‘ఎల్‌ఎస్’ చూపే జాబితాలో 10 వచ్చి 2 కంటే ముందు కూర్చుంటుంది.

‘చాట్‌జీపీటీ అర నిమిషంలో రాసిస్తుంది కదా’ అంటారు. రాయించుకోండి, నాకేం అభ్యంతరం లేదు. కానీ మీ ఫోల్డర్‌లో ఏముందో దానికి చెప్పాల్సింది మీరే. పైగా ఇంటర్వ్యూలో ‘ఈ స్క్రిప్టును రెండోసారి నడిపితే?’ అని అడిగితే అది పక్కన ఉండదు. ఫొటోలన్నీ వెళ్లిపోయాక లూప్‌కి ఏమీ దొరకదు. అప్పుడు బ్యాష్ స్టార్ గుర్తున్న ఆ నమూనానే ఫైలు పేరనుకుంటుంది, ‘ఎంవీ’ అలాంటి ఫైలే లేదని ఎర్రర్ ఇస్తుంది. నడిపి చూసినవాళ్లు తడుముకోకుండా చెప్పే జవాబిది.

విండోస్‌లో గిట్ బ్యాష్ సరిపోతుంది. ల్యాప్‌టాప్ లేనివాళ్లు ఆండ్రాయిడ్ ఫోన్లో టెర్మక్స్ వేసుకోవచ్చు, అయితే ఫోన్లో వాట్సాప్ ఫొటోల పేర్లు వేరుగా ఉంటాయి, తేదీ 20240315 అని కలిసి వస్తుంది.

పని పూర్తయ్యాక రెజ్యూమెలో ఆ రెండు మాటల బదులు ‘ఫొటోలను నెలలవారీగా సర్దే బ్యాష్ స్క్రిప్టు, పాత ఫైళ్లను చెరపదు’ అని రాయండి. ‘చెరపకుండా ఎలా చూశారు?’ అని అవతలివాళ్లు అడుగుతారు.