కంచె మాత్రమే చాలదు

మారిషస్ దేశమునకు చెందిన రోడ్రిగ్స్ అను చిన్న ద్వీపమున కఫే మరోన్ అను పూలపొద యొకటి కలదు. ఆ పేరునకు అడవి కాఫీ యని అర్థము. ఆ ద్వీపమున దప్ప ప్రపంచమున మరెచ్చటను అది సహజముగా మొలవదు. ఒకానొక కాలమున ఆ జాతియంతయు ఒకే ఒక్క పొదగా మిగిలినది. ఈ సంగతి మేము ప్రస్తావింపగా మిత్రులొకరు, “ఒక్క మొక్కకై ఇంత శ్రమయు, ఇంత ధనమును వెచ్చింపవలెనా? దానివలన కాయా, కఱ్ఱా?” యని ప్రశ్నించిరి. మేము వర్తకులము. లాభనష్టముల ప్రశ్న మాకు క్రొత్త కాదు. కావున సమాధానము వ్రాయుట మా విధి యని తలచితిమి.

రోడ్రిగ్స్ విస్తీర్ణము సుమారు 108 చదరపు కిలోమీటర్లు. మారిషస్ ప్రధాన ద్వీపమునకు తూర్పున దాదాపు 600 కిలోమీటర్ల దూరమున సముద్రమధ్యమున నున్నది. మారిషస్ పేరు మన పాఠకులకు పరాయిది కాదు. 19వ శతాబ్దమున చెఱకు తోటల పనికై అచ్చటికి ఓడలెక్కినవారిలో మనవారును కలరు. యానామునకు సమీపమున నున్న కోరంగి రేవు పేరిట వారిని కోరంగివారని పిలిచెడివారు. అయితే రోడ్రిగ్స్ కథ వేరు. అచ్చట మనుష్యులు స్థిరపడిన పిమ్మట అడవి నరికిరి. మేకలును, పశువులును మిగిలిన చిగురును మేసినవి. ద్వీపమునకే ప్రత్యేకములైన పెద్ద తాబేళ్ళు నశించినవి. సాలిటేర్ అను ఎగురలేని పక్షియు నశించినది. కఫే మరోన్ కూడ 20వ శతాబ్దపు నడిమికాలమునకు నశించినట్లే పండితులు లెక్క వ్రాసికొనిరి.

1980 ప్రాంతమున ఆ ద్వీపమందలి ఒక ఉపాధ్యాయుడు తన విద్యార్థులను పరిసరములలోని మొక్కలు తెచ్చి చూపుడని పంపెను. ఒక బాలుడు తెచ్చిన రెమ్మ ఈ పొదది! దారి ప్రక్కన అందఱును చూచుచునే యున్న పొద. ఎవరికిని తెలియని పొద. పండితులు మూసివేసిన ఖాతాను పాఠశాల బాలుడు తెరపించినాడు. మాకు ఈ కథలో మిక్కిలి నచ్చిన ఘట్టమిదియే.

పేరు బయటపడగానే పొదకు ఆపద వచ్చినది. అది రోగములకు మందని నమ్మి జనులు కొమ్మలు విరువసాగిరి. కంచె వేసిరి, కంచె దాటి విరిచిరి. మరల కంచె వేసిరి. కఱ్ఱలు పాతి, తీగ చుట్టి కాపాడినంతమాత్రమున ఒంటరి మొక్కకు సంతానము కలుగునా? 1986లో కొన్ని కొమ్మలను లండను నగరమునందలి క్యూ ఉద్యానమునకు విమానమున పంపిరి. వానిలో ఒకటి వేరు పట్టినది. తెల్లని నక్షత్రములవంటి పూలు పూచినది. పూచుటయే గాని కాయ నిలువలేదు. దాని నుండి మరికొన్ని కొమ్మలు నాటి మొక్కలు చేసిరి. కాని అవి ఒకే చిట్టాకు తీసిన నకళ్ళు. మూలమున తప్పున్న అన్నిటను తప్పే. ఒక తెగులు సోకిన అన్నియు పోవును. వడ్డీ పుట్టని మూలధనము పెట్టెలో నున్నను, లేకున్నను వర్తకునకు ఒక్కటే.

2003లో ఆ ఉద్యానమున పనిచేయు స్పెయిన్ దేశీయుడు కార్లోస్ మగ్దలేనా పూల కీలాగ్రములను కోసి, ఆ కోసినచోట పుప్పొడి నద్దెను. పువ్వు వెంట పువ్వుపై అనేక పర్యాయములు ప్రయత్నింపగా కాయ నిలిచినది. అందు విత్తనములు కలవు. మొలచిన పిల్లమొక్కల ఆకులు పెద్ద పొద ఆకులవలె పచ్చగా, వెడల్పుగా లేవు. సన్నగా, పొడవుగా, గోధుమవన్నె మచ్చలతో నున్నవి. నేలపై ప్రాకు తాబేళ్ళ కంటబడకుండుటకే లేతప్రాయమున ఆ వేషమని శాస్త్రజ్ఞులు ఊహించిరి. తాబేళ్ళు పోయి రెండు శతాబ్దములైనను మొక్క తన జాగ్రత్త మరువలేదు. పిదప విత్తనములును, మొక్కలును స్వస్థలమగు రోడ్రిగ్స్ చేరినవి.

ఇక మిత్రుల ప్రశ్న. మన వాకిళ్ళలోని నూరువరహాలును, కాఫీయు, చలిజ్వరమునకు క్వినైన్ నిచ్చు సింకోనాయు ఈ పొదకు జ్ఞాతులే. సింకోనా బెరడు విలువ తెలియకమునుపు అదియు కాయా కఱ్ఱా లేని చెట్టే. తెలిసిన పిమ్మట నీలగిరులలో తోటలే వేసిరి. కఫే మరోన్ నుండి రేపే ఔషధము వచ్చునని మేము చెప్పుట లేదు. సరుకు విలువ తెలియకముందే కొట్టు తగులబెట్టువాడు వర్తకుడు కాడని మాత్రము చెప్పగలము.

ఈ సందర్భమున మన సంఘము మాటయు చెప్పక తప్పదు. ఏటేటా ఉగాదికి సభ, పూలదండలు, ఉపన్యాసములు: ఇవి కంచెలు. వలదనము. కాని మా యింటి పిల్లలనే నూరువరహాల చెట్టు చూపి పేరడుగగా ఇరుగుపొరుగు భాషలో చెప్పిరి. తెలుగు పేరు వారికి తెలియదు. తప్పు పిల్లలది కాదు, మాది. కాయ నిలువని పూత మన యిండ్లలోనే యున్నది.

కావున ఆదివారపు తెలుగు తరగతి పిల్లలను నెలకొకమారు వీధులలోనికి పంపి, ఒక్కొక్కరు ఒక్కొక్క రెమ్మ తెచ్చునట్లును, ఉపాధ్యాయులు దాని తెలుగు పేరు వ్రాయించునట్లును ఏర్పాటు చేయవలెనని మా కోరిక. ఉపాధ్యాయుల వేతనమునకు ఉగాది సభ వ్యయములో నాల్గవవంతు తగ్గించి ఇచ్చిన సరిపోవును. వచ్చు కార్యవర్గ సమావేశమున ఈ ప్రతిపాదన తెత్తుము. ప్రశ్న వేసిన మిత్రులు కూడ ఆ దినమున తప్పక రావలెను.